నాయన గొంతుకు నెలనెలా చందా

మా నాయన ముప్పై ఏళ్ళు ఆదోని వీధుల్లో మైకు పట్టుకుని అరిచాడు. అరిచాడు అని ఆయన ముందర అంటే ఊరుకునేవాడు కాదు. "కుక్కలు అరుస్తాయి. నేను సెప్తా" అనేవాడు. సొంత ఆటో, దాని నెత్తిన రెండు స్పీకర్లు, సీటు వెనక ఆంప్లిఫయర్ పెట్టె. బట్టల అంగట్లో ఆషాఢం తగ్గింపు, మునిసిపాలిటీ కుళాయి నీళ్ళ వేళలు, పత్తి యార్డుకు సెలవు, తప్పిపోయిన పిల్లలు, ఏదైనా సరే ముందు ఒక పాత నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుని, రెండుసార్లు మనసులో చదువుకుని, అప్పుడు మైకు అందుకునేవాడు. చుట్టుపక్కల మండలాలకూ పిలిచేవాళ్ళు. ఉగాది మరుసటి రోజు కైరుప్పల ఊరి జాతరలో పిడకలు విసురుకుంటారు కదా, ఒకసారి ఆ జనానికి మైకులో జాగ్రత్తలు చెప్పడానికి వెళ్ళి, ఒక పిడక చెవికి తగిలించుకుని వచ్చాడు. వారం రోజులు ఆ చెవిని అందరికీ చూపించాడు.

చావు కబురు మాత్రం ఆయనకు వేరే పని. మా పేటల్లో ఎవరైనా పోతే ఆటో మైకులో చెప్పించేవాళ్ళు. ఆ రోజు పాట పెట్టడు. వాల్యూము సగానికి తగ్గిస్తాడు. ప్రతి మలుపు దగ్గర బండి ఆపి మూడుసార్లు చెప్తాడు, తొందరపడడు. కూలి తీసుకోడు. "సావు కబురుకు కూలి తీసుకుంటే అన్నం దిగదమ్మా" అనేవాడు. ఊళ్ళో సగం ఇళ్ళ చావులు మా నాయన గొంతులోంచే మిగతా సగానికి తెలిసేవి.

ఆ గొంతులో పుండు లేచింది. మొదట బొంగురు అన్నాం, తర్వాత మిరియాల కషాయం అన్నాం, తర్వాత కర్నూలు పెద్దాసుపత్రి. బతకాలంటే గొంతుపెట్టె తీసేయాలన్నారు. తీసేశారు. మెడ ముందర చిన్న రంధ్రం, దానిమీద తడి గుడ్డ. ఊపిరి అందులోంచే. మాట మాత్రం ఇక లేదు.

నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. పెళ్ళి వద్దనుకున్నాను, అమ్మా నాయనా నాతోనే ఉండేవాళ్ళు. నాకు నోరెక్కువ అని ఊరంతా అంటుంది, నిజమే. కానీ ఆపరేషన్ తర్వాత రెండు నెలలు ఇంట్లో నా ఒక్కదాని గొంతే వినబడుతుంటే నాకే చిరాకు పుట్టింది. నాయన పలక మీద సుద్దముక్కతో రాసేవాడు. "నీళ్ళు." "వద్దు." "ఫ్యాను." ముప్పై ఏళ్ళు ఊరితో మాట్లాడిన మనిషి ఒక్కో మాటకు పలక తుడుచుకుంటుంటే చూడలేకపోయాను. వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

ఉపాయం తెచ్చింది మా చెల్లెలి మొగుడు. వాళ్ళది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. అంతకు ముందు ఏడాదే అతను దాచుకున్న డబ్బు తీసుకెళ్ళి ఫోన్లో క్రిప్టో నాణేల మీద పెట్టి, చాలా వరకు పోగొట్టుకున్నాడు. ఇంటిల్లిపాదీ దుమ్మెత్తి పోశాం. నేనైతే "గాలి నాణేలోడు" అని పేరే పెట్టాను, పండక్కి వచ్చినా అలాగే పిలిచేదాన్ని. పాపం, నవ్వి ఊరుకునేవాడు. అతనే ఒక ఆదివారం బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అన్నాడు.

"వదినా, ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మనిషి పాత రికార్డింగులు ఇస్తే అట్లాంటి గొంతే తయారు చేసి ఇస్తాది. మనం టైపు కొడితే ఆ గొంతు మాట్లాడతాది. మామ మాటలు పెన్‌డ్రైవ్‌లో ఉండాయి కదా?"

ఉన్నాయి. మైకులో చెప్పిందల్లా ఆంప్లిఫయర్‌కు తగిలించిన పెన్‌డ్రైవ్‌లో రికార్డయ్యేది, నాయన మాటలు గంటల కొద్దీ ఉన్నాయి. చెల్లెలి మొగుడు దాన్ని పీకి, బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు పట్టుకెళ్ళి, అక్కడి కంప్యూటర్‌లోంచి ఆ విదేశీ కంపెనీకి ఎక్కించాడు. సాయంత్రానికి తిరిగొచ్చి పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ ఆంప్లిఫయర్‌కే తగిలించాడు. ఎందుకంటే ఏ వస్తువు తీసిన చోటే పెట్టాలన్నది నాయన పట్టుదల, స్క్రూ డ్రైవర్ అటు ఇటు అయినా అన్నం తినడు. ఇంకొక కాపీ తీసి పెట్టుకుందామని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు నాయన ఫోన్లో వేళ్ళతో వెతుక్కుంటూ, ఒక్కొక్క అక్షరమే నొక్కి, ఒక మాట టైపు చేశాడు. ఫోను పలికింది.

"ఒసేయ్, రోంత మంచినీళ్ళు ఇయ్యి!"

అమ్మ చేతిలోని చాట కింద పడింది. అది నాయన గొంతే. ముమ్మాటికీ నాయన గొంతే. కాకపోతే ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి దాదాపు అన్నీ ప్రచారం మాటలే కదా, ఆ గొంతుకు బాగా వచ్చింది అదే. మంచినీళ్ళు అడిగినా చీరల తగ్గింపు చెప్పినట్టే సాగదీసి, చివర్లో ఎత్తి వదిలింది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "నీళ్ళు అడుగుతాండావా, గోలి సోడా అమ్ముతాండావా?" అంది. నాయన భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుకూ శబ్దం లేదు, మెడ దగ్గర గుడ్డ మాత్రం అదిరింది.

ఆ రోజు నుంచి మా ఇల్లు మళ్ళీ ఇల్లయింది. సాంబారులో ఉప్పు తగ్గిందన్న ముక్క పక్క వీధికి వినబడేది. నేను బడి నుంచి ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే "ఇంతసేపు యాడికి పోయినావు తల్లీ!" అని పండగ ఆఫరు ప్రకటించినట్టు అడిగేవాడు. టీ అంగడి దగ్గరికి వెళ్ళి స్నేహితుల మధ్య కూర్చుని, ఫోను బల్లమీద పెట్టి కబుర్లు చెప్పేవాడు. ఒకాయన "ఏమప్పా, గొంతు కోసినా నీ నోరు ఆగలేదే" అన్నాడట. అది ఆయనకు ఎంత గొప్పగా అనిపించిందంటే, ఇంటికి వచ్చి నాకు మూడుసార్లు చెప్పాడు.

చిక్కంతా ఆ కంపెనీకి నెలనెలా కట్టాల్సిన చందా దగ్గర వచ్చింది. మొదటి నెల నా బ్యాంకు కార్డుతో కట్టాం. రెండో నెల కార్డు పనిచేయలేదు. బ్యాంకుకు వెళ్తే, విదేశాలకు నెలనెలా దానంతటదే పోయే చెల్లింపులకు ఇబ్బందులున్నాయని అక్కడి మేనేజరు ఏదో చెప్పాడు, నాకు సగమే అర్థమైంది. మళ్ళీ ప్రయత్నించినా అంతే. గాభరాగా ఎమ్మిగనూరుకు ఫోను చేశాను. మరిది ఆ కంపెనీ పేజీ అంతా చదివి, క్రిప్టోలో కూడా తీసుకుంటారని కనిపెట్టాడు. అతని దగ్గర మునిగిపోగా మిగిలినవి కొన్ని డాలరు నాణేలున్నాయట, డాలరుతో సమానంగా నడిచేవి.

"ఇవి నా దగ్గర ఊరికే పడుండాయి వదినా. మామ గొంతుకైనా పనికొస్తే సాలు" అన్నాడు.

నేను సిగ్గుపడ్డాను. గాలి నాణేలోడు అనడం ఆ రోజుతో మానేశాను.

పద్ధతి ఇదీ. నెలకొకసారి నేను కంపెనీ పేజీ తెరిస్తే ఒక నలుపు తెలుపు గళ్ళ బొమ్మ, పక్కన పొడుగాటి అక్షరాల చిరునామా వస్తాయి. అది ఫోటో తీసి వాట్సాప్‌లో ఎమ్మిగనూరు పంపుతాను. అతను తన ఫోన్లోంచి నాణేలు ఆ చిరునామాకు వదులుతాడు. కొన్ని నిమిషాలకు నా పేజీలో ముట్టినట్టు వస్తుంది. అతను మొదటే చెప్పాడు: "కార్డయితే వాళ్ళే వచ్చి తీసుకుంటారు వదినా. ఇది మనమే పోయి ఇయ్యాల. మరిస్తే అడిగేటోడు లేడు. తప్పు పోతే తిరిగిచ్చేటోడు లేడు." నేను గోడ మీద క్యాలెండర్లో తేదీకి ఎర్ర సున్నా చుట్టి పెట్టుకున్నాను. లెక్కల టీచర్ని కదా, నాకు తేదీ తప్పడం ఏమిటనుకున్నాను.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఆ మధ్యలోనే నాయన ఆటో అమ్మేశాడు. "నడపనప్పుడు ఇంటి ముందర పెట్టుకుని సూసుకుంటా కూసోలేను" అని ఫోన్లోంచి ప్రకటించాడు. కోడుమూరు వైపు ఒకతను, ఆదోని వీధుల్లో ఉల్లిగడ్డలు అమ్ముకునేవాడు, స్పీకర్లతో సహా కొనుక్కున్నాడు. ఆంప్లిఫయర్ వెళ్ళింది. దానికి తగిలించిన పెన్‌డ్రైవ్ కూడా వెళ్ళింది. గొంతు ఎలాగూ పైన కంపెనీ దగ్గరుందిలే అనుకున్నాను నేను.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి నాయన నన్ను పిలిచి ఫోను చూపించాడు. పొడుగ్గా ఏదో టైపు చేసి పెట్టుకున్నాడు. నొక్కాడు.

"ఆదోని పట్టణ ప్రజలకు మనవి. మైకు అన్నగా మీకందరికీ తెలిసిన నేను, మీ వీధుల్లో మంచికీ చెడుకూ తిరిగిన నేను, ఈ దినం పోయినాను. ఎవరినన్నా మైకులో నొప్పించి ఉంటే మన్నించండి. వచ్చి ఒకసారి చూసి పోండి."

అన్నిటినీ చీరల తగ్గింపులా చెప్పే ఆ గొంతు, ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా చెప్పింది. తగ్గించి, తొందరపడకుండా. ఆ పెన్‌డ్రైవ్‌లో కొన్ని చావు కబుర్లు కూడా ఉన్నాయి కదా, వాటి నుంచి నేర్చుకుందేమో. నాయన దాన్ని నా ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోమని సైగ చేశాడు. ఊళ్ళో అందరి చావూ తనే చెప్పాడు, తనది ఇంకెవరో చెప్తే ఎట్లా అని ఆయన బాధ.

నేనేం చేశాను? మండిపడ్డాను. "పాడు మాటలు! ఇందుకా నేను నెలనెలా ఇన్ని తిప్పలు పడుతున్నది?" అని అరిచాను. ఫోను లాక్కుని ఆ రాతంతా తుడిచేశాను. ఆయన చిన్నబోయాడు. తర్వాత ఎప్పుడైనా చూద్దాంలే అన్నట్టు చెయ్యి ఊపి, గుడ్డ తడుపుకోవడానికి లేచాడు. నేను ఆ పూట చేసిన పనికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చలికాలం వచ్చింది. ఆ నెల చందా తేదీ మంగళవారం పడింది. మా ఇంట్లో మంగళవారం, శుక్రవారం డబ్బు గడప దాటదు. పాలవాడైనా మర్నాడు రావాల్సిందే. నేను నవ్వేదాన్ని గానీ, చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, కాదనేదాన్ని కాదు. మూడు రోజులు గడువు ఎలాగూ ఇస్తారు కదా అని బుధవారం కడదామనుకున్నాను. బుధవారం మరిది ఫోను మగ్గం గుంటలో పడి తెర పగిలింది. నాణేలన్నీ ఆ ఫోన్లోనే. ఎమ్మిగనూరులో రిపేరు అంగడివాడు రేపు రేపు అని శుక్రవారం సాయంత్రం దాకా తిప్పాడు. అమ్మ దీపం పెడుతుండగా మరిది ఫోను చేశాడు.

"వదినా, ఫోను వచ్చింది. ఆ బొమ్మ పంపు. ఒక్క నిమిషంలో వదిలేస్తా."

అమ్మ వంటింట్లోంచే కేక వేసింది. "శుక్రారం పూట, దీపం పెట్టినాక, ఇంట్లో లచ్చిమిని బయటికి పంపుతారంటనే?"

మరిది స్పీకర్లో నచ్చజెప్పబోయాడు. "అత్తా, ఇది రూపాయి కాదు. కంటికి కనపడదు, చేతికి తగలదు. ఇది లచ్చిమి ఎట్లయితాది?"

నాయన మంచం మీద కూర్చుని టైపు చేస్తున్నాడు. అందరం ఆగాం. ఫోను పలికింది. "దాంతో నా గొంతు వస్తాంటే, అది లచ్చిమి కాక ఇంగేంది?"

ఆ పూట కట్టడం మానుకున్నాం. నాకూ ముచ్చటేసింది. గడువు గురించి కంపెనీ పంపిన ఉత్తరం మళ్ళీ చూశాను. శుక్రవారం ఆఖరు వరకు గడువు, ఆ తర్వాత ఖాతా ముగిసి గొంతు తొలగించబడుతుందని ఉంది. కంపెనీ అమెరికాది. వాళ్ళ శుక్రవారం ముగిసేసరికి మనకు శనివారం పొద్దున పది దాటుతుంది. వేళ్ళ మీద లెక్కేసి అందరికీ చెప్పాను. "తెల్లారగానే కడదాం. చాలా టైముంది." ఆ ఉత్తరంలో గడువు సమయం పక్కన చిన్నగా మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అది అమెరికా టైము కాదు, లోకమంతటికీ కలిపి పెట్టుకున్న టైమనీ, దాని అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారుజాము అయిదున్నర అనీ ఆ అక్షరాలకు అర్థం. నేను వాటిని చూడలేదు. రోజూ పిల్లలను ప్రశ్న సరిగ్గా చదవలేదని గోడకుర్చీ వేయించేదాన్ని నేను.

తెల్లవారుజామున అయిదింటికే మరిది ఫోను చేశాడు, మగ్గం పనికి లేచినట్టున్నాడు. "వదినా, శనివారం వచ్చె కదా, వదులుదునా?" నేను ఫోన్లో కంపెనీ పేజీ తెరిచి చేతిలో పట్టుకునే ఉన్నాను. నాయన అప్పటికే లేచి, రగ్గు కప్పుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. అడిగాను. ఆయన తూర్పు వైపు చూశాడు. చీకటి. మాకు రోజు మారేది గడియారంలో కాదు, పొద్దుతో. నెమ్మదిగా టైపు చేశాడు.

"ఇంకా శుక్రారమేనమ్మా. పొద్దు పొడవనీ!"

బట్టల అంగడి తగ్గింపు ఇంకో రోజు పొడిగించినట్టే చెప్పింది ఆ గొంతు. నవ్వొచ్చింది నాకు. "సరే సామీ, నీ ఇష్టం" అని ఆయన పక్కనే చతికిలబడ్డాను. అమ్మ ముగ్గురికీ కాఫీ తెచ్చింది. చలికి చేతులు గ్లాసులకు ఆనించుకుని, ఎదురింటి గోడ మీదుగా ఆకాశం ఎర్రబడటం చూస్తూ కూర్చున్నాం. అంత నింపాదిగా మేం ముగ్గురం కలిసి కూర్చుని ఎన్నాళ్ళయిందో. ఆ గంటలో ఎక్కడో అయిదున్నర దాటింది. మాకెవరికీ తెలియలేదు.

గోడ మీద వెలుగు పడింది. నాయన తృప్తిగా టైపు చేసి నొక్కాడు. ఫోను పలకలేదు. మళ్ళీ నొక్కాడు. నెట్ లేదేమో అనుకుని ఫోను తీసుకున్నాను. తెర మీద ఆయన రాసిన అక్షరాలున్నాయి: పొద్దు పొడిచింది, కట్టు. కింద గొంతు పేరు ఉండే చోట ఖాళీగా ఉంది.

వెంటనే బొమ్మ పంపాను. మరిది వెంటనే నాణేలు వదిలాడు. ముట్టినట్టు వచ్చింది, ధన్యవాదాలు కూడా చెప్పింది. కొత్త ఖాతా తెరుచుకుంది. అందులో మీరు తయారు చేసుకున్న గొంతులు ఏవీ లేవు అని ఉంది. కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. బతిమాలుతూ రాశాను, తిడుతూ కూడా రాశాను. మూడో రోజు మర్యాదగా జవాబిచ్చారు. ఖాతా ముగిసిన వెంటనే, మనుషుల గొంతులు ఇతరుల చేతుల్లో పడకుండా పూర్తిగా చెరిపేస్తారట, తిరిగి తేవడం కుదరదట, విచారిస్తున్నారట. కార్డు పనిచేసి ఉంటే మంగళవారమని, శుక్రవారమని చూడకుండా వాళ్ళే వచ్చి లాక్కుని ఉండేవాళ్ళు, నాయన గొంతు మిగిలేది. మనం పోయి ఇవ్వాల్సి వచ్చింది కాబట్టే ఇచ్చే రోజు చూసుకున్నాం.

ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అమ్మ మీద చూపించాను. "నీ శుక్రవారం మింగేసింది నాయన గొంతును" అన్నాను. అమ్మ లేచి లోపలికి పోయింది. తలుపు మూసుకుని ఏడ్చింది. నాయన పలక అందుకున్నాడు, ఇన్ని నెలల తర్వాత. దాని మీద దుమ్ము మోచేత్తో తుడిచి రాశాడు. "ఆపింది నేను. దాన్ని అనొద్దు." తుడిచి, మళ్ళీ రాశాడు. "పోనీలే. ముప్పై ఏండ్లు అరిస్తి. సాలు."

అరిస్తి అని రాశాడు. సెప్తి అని కాదు. ఆ మాట చూసి నేను తట్టుకోలేకపోయాను.

పెన్‌డ్రైవ్ కోసం ఉల్లిగడ్డల ఆటోను వెతికాను. బడి అయ్యాక రోజుకో పేట తిరిగాను. చివరికి ఆరో రోజున దొరికింది. నాయన స్పీకర్లలోంచి ఎవరిదో కీచు గొంతు ఉల్లిగడ్డల ధర చెప్తోంది. ఆపి, సంగతంతా చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

"అయ్యో అక్కా, తుడిచేసినానే! ఉల్లిగడ్డ మాటలు ఎక్కియ్యాల కదా. రెండు దినాలు మీ నాయన మాటలే వింటా తిరిగినా, అంత బాగుండె. సీరలు సీరలు అంటాంటే జనం సీరల బండి అనుకుని వస్తాండిరి. అందుకే తుడిచినా." పెన్‌డ్రైవ్ పీకి నా చేతిలో పెట్టాడు. ఎమ్మిగనూరులో, కర్నూలులో తెలిసినవాళ్ళకు చూపించాం. ఉల్లిగడ్డల మాటలు తప్ప ఏమీ రాలేదు.

తర్వాత నాయన నాలుగు నెలలు ఉన్నాడు. పుండు మళ్ళీ లేచింది. టీ అంగడికి వెళ్ళడం మానేశాడు. పలక మంచం పక్కనే ఉండేది గానీ దాని మీద కూడా తక్కువే రాసేవాడు. నేను ఎదురుగా కూర్చుని బడి కబుర్లన్నీ చెప్పేదాన్ని, ఆయన తలూపేవాడు. ఒకసారి, ఆ మనవి మాటలు మళ్ళీ రాసివ్వు నాయనా, దాచుకుంటాను అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. అడిగితే ఆయన పోతున్నాడని నేను ఒప్పుకున్నట్టే కదా.

ఎండలు ముదిరాక, ఒక బుధవారం పొద్దున పోయాడు.

కబురు చెప్పాలి. చెప్పేవాడే పోయాడు. వాకిట్లో జనం చేరి ఎవరిని పిలవాలా అని అనుకుంటున్నారు. అంతలో సందు మొదట్లో ఆటో ఆగింది. ఉల్లిగడ్డల అతనే, ఎవరో చెప్తే విన్నాడట. బస్తాలన్నీ ఎక్కడో దించేసి ఖాళీ బండితో వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"అక్కా, బండి మీ నాయనది. నేను తోలుతా. నాకు ఉల్లిగడ్డ మాటలు తప్ప రావు. నువ్వే సెప్పు."

ఆడపిల్ల వీధుల్లో తిరుగుతూ చావు కబురు చెప్పడమేంటని ఒక ముసలాయన గొణిగాడు. ఎమ్మిగనూరు నుంచి అప్పుడే దిగిన మరిది ఆయన వైపు చూసి, "మామ గొంతు పోగొట్టింది మేము. మేమే సెప్తాం. కూసో వదినా" అన్నాడు. నేను నాయన సీట్లో కూర్చున్నాను. వాల్యూము బటన్ సగానికి తగ్గించాను. మైకు నోటి దగ్గర పెట్టుకుంటే దానికి ఇంకా నాయన వక్కపొడి వాసన ఉన్నట్టే అనిపించింది.

తుడిచేశాను అనుకున్నాను గానీ ఆయన రాసుకున్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

మొదటి మలుపు. "ఆదోని పట్టణ ప్రజలకు మనవి" అన్నాను. ఆ స్పీకర్లలోంచి వచ్చింది నా గొంతే. క్లాసులో పిల్లలను అదిలించే గొంతు, నాయనది కాదు, ఏమాత్రం కాదు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు సంచులు, గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చారు. వాళ్ళకు ఆ బండి ఉల్లిగడ్డల బండి. ఒకామె వైరు బుట్ట చంకన పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఉల్లిగడ్డ ఎంతమ్మా?"

మైకు దించాను. ఆమె బండిలోకి తొంగి చూసింది, ఖాళీ. నా మొహం చూసింది.

"మైకన్న కూతురువు కదా?" అంది. అని, ఆమెకే అర్థమై, బుట్టను అక్కడే గోడవార పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను మైకు మళ్ళీ ఎత్తాను. నాయన లెక్కన మూడుసార్లు చెప్పాలి.

"ఆదోని పట్టణ ప్రజలకు మనవి. మైకు అన్నగా మీకందరికీ తెలిసిన మా నాయన, మీ వీధుల్లో మంచికీ చెడుకూ తిరిగిన మా నాయన, ఈ దినం పోయినాడు. ఎవరినన్నా మైకులో నొప్పించి ఉంటే మన్నించండి. వచ్చి ఒకసారి చూసి పోండి."